ఎంగిలి గొట్టం

ఊపిరికి ఎంగిలి ఉంటుందా అన్న అనుమానం నాకు ఏడేళ్ల వయసులో మొదలైంది. ఇప్పుడు యాభై నాలుగు. మధ్యలో నేను అడగని మనిషి లేడు, తేల్చి చెప్పిన మనిషీ లేడు.

ఒక శుక్రవారం మా అమ్మ బిక్షమ్మ దేవుడి ముందు వెలిగించిన దీపాన్ని నేను నోటితో ఉఫ్‌మని ఊదాను. అమ్మ వీపు మీద ఒక్కటిచ్చింది. "దీపాన్ని నోటితోని ఊదుతర్రా? ఎంగిలైతది!" అంది. అని, వెంటనే వంటింట్లోకి పోయి, ఆరిపోతున్న పొయ్యి ముందు కూర్చుని, ఇనుప ఊదుగొట్టం నోటికి పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదింది. ఆ మంట మీద పరమాన్నం వండింది. ఆ పరమాన్నం దేవుడికి పెట్టింది. "మరి పొయ్యి ఎంగిలి కాలేదా అమ్మా?" అని అడిగాను. ఈసారి జవాబు ఊదుగొట్టంతోనే వచ్చింది.

తర్వాత గుళ్లో పూజారి శంఖం ఊదడం చూశాను. పెళ్లిలో సన్నాయి ఊదడం చూశాను. శంఖానికి ఎంగిలి లేదు, సన్నాయికి లేదు, పొయ్యికి లేదు, దీపానికి మాత్రం ఉంది. యాదగిరిగుట్ట మెట్ల దగ్గర ఒక ముసలి స్వామిని అడిగితే, "ఎంతవరకు చదివినవ్ నాయినా?" అన్నాడు. పదో తరగతి అన్నాను. "అయితే గిది నీకు సరిపోదు, నాకూ సరిపోదు. పోయి దర్శనం చేస్కో" అన్నాడు.

అనుమానం తీరలేదు కనుక, తీరేదాకా అన్నిటికీ ఎంగిలి ఉన్నట్టే బతకడం మంచిదనుకున్నాను. అలా బతకడం అలవాటయ్యాక, అనుమానం తీరకపోతేనే బాగుండునని కూడా అనిపించసాగింది.

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాను. ఏడో నంబరు బస్సు. కనగల్ దిక్కు ఊళ్ల నుంచి పిల్లల్ని తెస్తాను. పేరు వీరేశం, కొలిచేది నరసింహస్వామిని. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు గుట్టకు పోతాను. మెడలో తులసిమాల, నుదుట నామం, సీటు పక్కన సంచిలో నా సొంత స్టీలు గ్లాసు. ఆ గ్లాసుతో తప్ప బయట ఏదీ తాగను. ఆ గ్లాసుతోనైనా ఎత్తిపోసుకునే తాగుతాను, పెదవికి తగలనివ్వను. డ్రైవర్ల షెడ్డులో నన్ను 'గ్లాసు సామి' అంటారు. నా ముందు అనరు, వెనక అంటారు. కానీ వెనక ఏం జరుగుతోందో తెలుసుకోవడం బస్సు డ్రైవరు పనే కదా.

కరోనా వచ్చినప్పుడు లోకమంతా భయపడింది. నాకు మాత్రం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, లోకం ఇన్నాళ్లకు నా దారికి వచ్చిందనిపించింది. ఎవరూ ఎవరినీ ముట్టుకోవడం లేదు. ఎవరి గ్లాసు వాళ్లది. బడివాళ్లు బస్సుకొక శానిటైజరు సీసా ఇచ్చారు. రోగం పోయాక అందరి బస్సుల్లో ఆ సీసాలు మాయమయ్యాయి. నా బస్సులో మాత్రం స్టీరింగు పక్కన తాడుతో కట్టి ఇప్పటికీ వేలాడుతుంది. అయిపోతే నేనే కొని నింపుతాను. నేను సెలవు పెట్టిన రోజు వేరే డ్రైవరు నా బస్సు నడిపితే, మర్నాడు స్టీరింగుకు స్నానం చేయించి గానీ ఎక్కను.

ఇక బాకీ సంగతి. నాలుగో నంబరు బస్సు నడిపే ప్రేమ్‌సాగర్‌ది నందికొండ. వాళ్ల తాత అక్కడి డ్యాము కట్టేటప్పుడు రాళ్లు మోశాడట. ఎనిమిదేళ్ల కింద ప్రేమ్‌సాగర్ నల్లగొండలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, పాస్టరును పిలిచి ప్రార్థన పెట్టించి, డ్రైవర్లందరినీ పిలిచాడు. నేనూ పోయాను. గుమ్మం దాకా పోయాను. అతని భార్య స్వర్ణ పళ్లెంలో చాయ్ గ్లాసులు తెచ్చి నా ముందు నిలబడింది.

"ఇయ్యాల ఉపాసం చెల్లే. మళ్లొక్కసారి వచ్చి తాగుత. నీ చాయ్ నా మీద బాకీ అనుకో" అన్నాను.

ఆ రోజు నిజంగానే ఉపవాసం. కానీ ఉపవాసం రోజు ఇంట్లో నేను మూడుసార్లు చాయ్ తాగుతాను. ఆ సంగతి దేవుడికి తెలుసు, మా ఆవిడకు తెలుసు. మా బాపు అట్లాంటి ఇళ్లల్లో నీళ్లు కూడా ముట్టలేదు. నేను పదో తరగతి చదివినవాణ్ని కనుక అది తప్పని నాకు తెలుసు. తప్పని తెలుసు కనుకనే దానికి ఉపవాసమని పేరు పెట్టాను.

ఆ తర్వాత ప్రేమ్‌సాగర్ ఏడాదికి రెండుసార్లు గుర్తు చేసేవాడు. "అన్నా, మా ఆమె అడుగుతాంది, బాకీ ఎప్పుడు తీరుస్తవని." నేను కార్తీకమనేవాణ్ని. ధనుర్మాసమనేవాణ్ని. శ్రావణమనేవాణ్ని. "నీ క్యాలెండర్‌ల ఉత్త రోజే లేదానే?" అని నవ్వేవాడు. మూడేళ్ల నుంచి అడగడం మానేశాడు. హమ్మయ్య అనుకున్నాను.

పోయిన జూన్‌లో బడులు తెరిచిన వారం అది. ఎక్కడో ఒక స్కూలు బస్సు డ్రైవరు తాగి నడిపాడని వార్త రావడంతో, పొద్దున్నే స్కూలు బస్సులు ఆపి డ్రైవర్లతో ఊదించడం మొదలుపెట్టారు. మా ట్రాన్స్‌పోర్టు ఇన్‌చార్జి యాదయ్య సారు అంతకుముందు రోజే షెడ్డుకు వచ్చి చెప్పాడు. "ఎవ్వనికన్న మిషన్ల నంబర్ వచ్చిందా, తాళంచెవి ఆన్నే పోలీసోళ్లకిచ్చి గట్లనే ఇంటికి పోవాలె. నా దగ్గరికి రావొద్దు. ఫోన్ గూడ చెయ్యొద్దు." అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనొక్కణ్నే తల ఎత్తుకుని నిలబడ్డాను. పైగా, "మంచి పని సార్. తాగెటోళ్లను ఏరేయాలె" అన్నాను. ఆ మాట గుర్తుంచుకోండి. నన్ను ఎవరూ మరచిపోనివ్వలేదు.

మర్నాడు ఏకాదశి. పొద్దున ఎనిమిది గంటలకు ముప్ఫై ఒక్క మంది పిల్లలతో బైపాసు చౌరస్తాకు వచ్చేసరికి పోలీసులు బస్సులు ఆపుతున్నారు. నాలుగో నంబరు బస్సు నా ముందుంది. ప్రేమ్‌సాగర్ దిగి, పోయి, ఊదాడు. సున్నా. పోయి తన సీట్లో కూర్చున్నాడు. అర నిమిషం పని.

నేను దిగాను. నరేష్ అని చొక్కా మీద పేరున్న కానిస్టేబులు, కాగితం కవరు చింపి కొత్త ప్లాస్టిక్ గొట్టం తీసి మిషనుకు తగిలించి నా మొహం ముందు పెట్టాడు.

గొట్టం కొత్తదే. అది నేను ఒప్పుకుంటాను. కానీ మిషను పాతది. పొద్దుటి నుంచి ఎంతమంది ఊపిరి ఆ డబ్బాలోకి పోయిందో. నోట్లో పెట్టుకున్నాక, ఊదే ముందు మనిషి కొంచెం పీలుస్తాడు కూడా. ఏం పీలుస్తాడు? నలభై ఏడేళ్ల అనుమానం సరిగ్గా ఆ చౌరస్తాలో లేచి కూర్చుంది.

నాకొక ఉపాయం తోచింది. నీళ్లు ఎత్తి తాగే మనిషిని కదా. తలపైకెత్తి, గొట్టానికి బెత్తెడు దూరం నుంచి, పెదవి తగలకుండా ఎత్తి ఊదాను.

మిషను కుయ్‌మంది. "గాలి పోలే" అన్నాడు నరేష్. "నోట్ల పెట్టుకుని ఊదు సామీ."

రెండోసారి గొట్టం చుట్టూ రెండు చేతులూ దొన్నెలాగా చుట్టి, బొటనవేళ్ల సందులోంచి ఊదాను. మిషను మళ్లీ కుయ్‌మంది.

"ఓ పెద్దమనిషీ, రాత్రి తాగినోళ్లు జేసే పనులన్ని జేస్తున్నవ్ నువ్వు" అన్నాడు నరేష్. "ఒగడు పక్కకు ఊదుతడు, ఒగడు పీలుస్తడు, ఒగడు బుగ్గలు పొంగిచ్చి గాలిడ్వడు. చేతులడ్డం పెట్టినోన్ని మాత్రం నిన్నే చూసిన."

మా బస్సు ఆయా అమృతమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "గాయన తాగడు నాయినా! తాగితే నాతోని జర మంచిగ మాట్లాడుతుండె!"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ నవ్వుకు జీపు దగ్గరున్న ఎస్సై మేడం వచ్చింది. ముప్ఫై ఏళ్లుంటాయేమో, మా పెద్దబిడ్డ వయసు. "ఏంది లొల్లి?" అంది. నరేష్ చెప్పాడు. ఆమె నా నామం చూసింది, మాల చూసింది, చేతులు చూసింది.

"ఇంకొక్కసారి. నోట్ల పెట్టుకుని, నేను చాలన్నదాంక ఊదాలె. ఊదకపోతే తాగినట్టే రాసుకుంట."

"కొత్త గొట్టం ఇప్పియ్యండి మేడం. ఒక్క నిమిషం, బస్సుల రుమాలున్నది, తెచ్చుకుంట" అన్నాను.

నరేష్ ఇచ్చిన కొత్త గొట్టం పట్టుకుని బస్సెక్కాను. రుమాలు జేబులోనే ఉంది. నేను పోయింది సీసా కోసం. గొట్టం లోపలికి రెండుసార్లు, పైన ఒకసారి శానిటైజరు కొట్టి, బాగా రుద్దాను. నా పెదవులకూ కొంచెం రాసుకున్నాను. మనసులో 'నరసింహా' అనుకున్నాను. ఇక నలభై మంది ఊపిరి ఎదురొచ్చినా నన్నేమీ చేయలేదనే ధైర్యం వచ్చింది.

నేను చేసిందేమిటో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. శానిటైజరును దేంతో చేస్తారో సీసా మీద రాసే ఉంది. నాలుగేళ్లుగా ఆ సీసా నా మోచేతి పక్కనే ఊగుతోంది. కానీ ఆ రాతలో 'తొంభై తొమ్మిది శాతం శుభ్రం' అన్న ముక్క తప్ప ఏదీ నేను చదవలేదు. నాకు నచ్చిన మాట దొరికాక ఇంకా చదివే అలవాటు నాకు లేదు.

దిగాను. గొట్టం తగిలించారు. నోట్లో పెట్టుకున్నాను. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా" అంది మేడం. ఇంత మంచిగా ఆ రోజు పొద్దుటి నుంచి ఎవరూ ఊది ఉండరు.

మిషను ఆగకుండా అరిచింది. నరేష్ అంకె చూసి, మిషనును చేత్తో తట్టి, మళ్లీ చూశాడు. "మేడం... నూట ఎనభై ఆరు."

ముప్ఫై దాటితే కేసు. పిల్లలకు అదంతా తెలియదు. ప్రేమ్‌సాగరుకు సున్నా రావడం, నాకు నూట ఎనభై ఆరు రావడం చూశారు. కిటికీల్లోంచి ఒకటే చప్పట్లు. "మన వీరేశం తాతనే ఫస్టు!"

నరేష్ నా మాల వైపు వేలు చూపించాడు. "గిది మెడలేస్కుని తాగినవా? సిగ్గులేదా నీకు?"

ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టాను, ఒక్కనాడు ఒక్క చుక్క ముట్టలేదు. అందుకు నాకు గర్వం ఉండేది, అది వేరే సంగతి. కానీ ఆ మాట నన్ను కాదు, మాలను అన్నట్టయింది. నా ఉద్యోగం పోయినా మా ఆవిడ ఒక నెల తిట్టి ఊరుకుంటుంది. తాగి పిల్లల బస్సు నడిపాడన్న పేరు మాత్రం చచ్చేదాకా పోదు. ఇక గుట్టకు ఏ మొహం పెట్టుకుని పోతాను?

"మేడం, నేను తాగలేదు. అసలు సంగతేందంటే, ఊపిరికి ఎంగిలి ఉంటదా లేదా అనేది..." అని మొదలుపెట్టాను. దీపం గురించి చెప్పాను. ఊదుగొట్టం గురించి చెప్పాను. శంఖం దాకా వచ్చాను.

"నూట ఎనభై దాటితే గిట్లనే మాట్లాడుతరు మేడం" అన్నాడు నరేష్.

మేడం నా లైసెన్సు, తాళంచెవి తీసుకుంది. బస్సు మీదున్న ఫోను నంబరు చూసి యాదయ్య సారుకు ఫోను చేసింది. స్పీకరులో ఆయన గొంతు నాకు వినబడింది. "వీరేశమా? గ్లాసు సామా? నిన్ననే ఏరేయాలె అన్నడు మేడం! కేసు రాయండ్రి. ఇంకో డ్రైవర్‌ను తోలుత."

అప్పుడు, ఇంకా కదలని నాలుగో నంబరు బస్సు తలుపు తెరుచుకుంది. ప్రేమ్‌సాగర్ అద్దంలోంచి అంతా చూస్తున్నట్టున్నాడు. దిగి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా వంగి మిషనుకున్న గొట్టాన్ని వాసన చూశాడు.

"అన్నా, గొట్టానికి శానిటైజర్ పెట్టినవా?"

"పెట్టిన. శుద్ధి కోసం."

"ఓరి నాయినో" అని నెత్తి పట్టుకున్నాడు. మేడం వైపు తిరిగి, "మేడం, గాయన మందు తాగలే. గా శానిటైజర్ల ఉన్నదే మందు. మిషన్ల పడ్డది గాయన ఊపిరి కాదు, గదే" అన్నాడు.

నాకు అప్పుడు అర్థమైంది. భూమి చీలితే బాగుండునని కథల్లో అంటారు కదా. బైపాసు రోడ్డు తారు చాలా గట్టిది.

"నువ్వెవరు? ఈయన దోస్తువా?" అంది మేడం.

ప్రేమ్‌సాగర్ నా వైపు ఒక్క క్షణం చూశాడు. "దోస్తు అంటే... ఎట్ల చెప్పాలె మేడం. ఎనిమిదేండ్లాయె పిలిచి, మా ఇంట్ల చాయ్ గూడ తాగలే గాయన."

"మరి ఎందుకు వకాల్తా పుచ్చుకుంటున్నవ్?"

"అందుకే మేడం. మా ఇంట్ల చాయ్ తాగెతందుకే గంత ఆలోచించెటోడు, మందెట్ల తాగుతడు?"

నరేష్ నవ్వాడు. అమృతమ్మ కిటికీలోంచి, "మంచిగ జెప్పినవ్ ప్రేమ్‌సాగరూ!" అంది. నేను తల దించుకున్నాను. నా మంచితనానికి సాక్ష్యంగా అతను చెప్పింది నా తప్పునే.

మేడం మాత్రం నవ్వలేదు. "మాటలతోని కాదు. తాగినోళ్లందరికి ఒగ దోస్తు ఉంటడు."

"అయితే చూపిస్త మేడం. పది నిమిషాల కింద నాకు సున్నా వచ్చింది, మీ మిషన్లనే ఉన్నది. ఇప్పుడు గా శానిటైజరే పెట్టి నేను ఊదుత."

"ఏమొచ్చినా మిషన్ల ఎక్కుతది. నీ పేరు మీద. తర్వాత నేను తుడుస్తనంటే పోదు."

"ఎక్కనీయండ్రి."

అని జేబులోంచి లైసెన్సు, తాళంచెవి తీసి ఆమె చేతికిచ్చాడు. అతనికీ ఉద్యోగం అదే, యాదయ్య సారు మాట అతనూ విన్నాడు. నేను వద్దు అనాలి. అనలేదు. అంటే అతను ఆగుతాడేమోనని భయం.

ప్రేమ్‌సాగర్ నా బస్సులోంచి సీసా తెచ్చాడు. నరేష్ కొత్త కవరు చింపబోతే ఆపాడు. "కొత్తదెందుకు సార్? గదే గొట్టం కావాలె. గప్పుడే మేడంకు నిజం తెలుస్తది."

అదే గొట్టం. నేను నోట్లో పెట్టుకుని, పళ్లతో పట్టుకుని, ఊపిరంతా పోసి ఊదిన గొట్టం. దాని కొస మీద నా ఉమ్మి ఇంకా మెరుస్తోంది. నాకు కనబడుతోంది. అతనికీ కనబడే ఉంటుంది. దాని లోపలికి కొంచెం శానిటైజరు కొట్టి, కొస తుడవకుండానే నోట్లో పెట్టుకున్నాడు.

నేను చూస్తూ నిలబడ్డాను. నలభై ఏడేళ్లలో నేను ఎవరి ఎంగిలీ ముట్టలేదు. నా ఎంగిలి ఎవరైనా ముట్టుకుంటారని మాత్రం నాకు ఎప్పుడూ తోచలేదు. అతను బుగ్గలు పొంగించి ఊదుతుంటే, మా అమ్మ పొయ్యి ముందు కూర్చున్నట్టే ఉంది.

మిషను అరిచింది. నూట డెబ్భై ఒకటి.

పిల్లలు రెండు బస్సుల్లోంచీ చప్పట్లు కొట్టారు. మేడం మొదటిసారి నవ్వింది. నవ్వి, మళ్లీ మొహం సర్దుకుంది. "ఇద్దరూ నోరు మంచిగ కడుక్కోండ్రి. పదిహేను నిమిషాలు ఏం ముట్టొద్దు. మళ్ల కొత్త గొట్టం పెట్టి ఊదిస్త. అప్పుడు ఒక్క నంబర్ వచ్చినా ఇద్దరి మీదా రాస్త."

నా బస్సులో నీళ్ల సీసా ఉంది. స్టీలు గ్లాసులోకి వంపి నేనే ప్రేమ్‌సాగరుకు నీళ్లు పోశాను. అతను పుక్కిలించి ఉమ్మి, నాకు పోశాడు. తర్వాత రోడ్డు మధ్య దిమ్మె మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. తాళంచెవులు మేడం దగ్గర, పిల్లలు కిటికీల దగ్గర. జీవితంలో పదిహేను నిమిషాలు ఇంత పొడుగుంటాయని నాకు తెలియదు. నా నోట్లో ఇంకా సీసా వాసన వస్తూనే ఉంది. ఆ వాసన పోకపోతే నాతోపాటు అతని ఉద్యోగం కూడా పోతుంది.

"ఎందుకు జేసినవ్ ప్రేమ్‌సాగర్? నీ పని నువ్వు చూస్కుని పోయేది ఉండె."

"పోదమనే అనుకున్న. నువ్వు మేడంకు శంఖం గురించి చెప్తుంటే వినలేకపోయిన అన్నా."

ఎన్నడూ లేనిది, ఆ అనుమానం అతన్ని అడగాలనిపించింది. అందరినీ అడిగాను, పక్క బస్సు డ్రైవరును అడగలేదు. "నువ్వు చెప్పు. ఊపిరికి ఎంగిలి ఉంటదా?"

అతను కొంచెం ఆలోచించాడు. "మా చర్చిల ఒగ మాట చెప్తరు అన్నా. దేవుడు మట్టితోని బొమ్మ జేసి, దాని ముక్కుల ఊదిండంట. గప్పుడు మనిషి లేచిండంట. మరి ఊదితే ఎంగిలైతదంటే, మనమందరం దేవుని ఎంగిలే గదా."

గుట్ట మీద ముసలి స్వామి పక్కన ఇతను కూర్చుని ఉంటే ఆ రోజే తేలిపోయేది కదా అనుకున్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు. ఇప్పటికీ అనుమానమే. కానీ దేవుడి ఎంగిలి అన్న మాట వినగానే నా మెడలో మాల బరువు తగ్గినట్టయింది.

"తాతా, ఇంకెంతసేపు?" అని పిల్లలు అరిచారు. "బడికి లేటైతే మంచిదేనే, జర మెల్లగ ఊదు!"

మేడం గడియారం చూసి పిలిచింది. ముందు ప్రేమ్‌సాగర్ ఊదాడు. సున్నా. నా వంతు వచ్చింది. నరేష్ కొత్త గొట్టం పెట్టి, "సామీ, చేతులు వెనక్కి కట్టుకో" అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాను. తల వంచాను. గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టుకుని, మేడం చాలు అన్నాక కూడా ఊదుతూనే ఉన్నాను.

సున్నా.

బస్సులోంచి పెద్ద నిట్టూర్పు వినబడింది. "ఛ, తాతకు సున్నా వచ్చింది."

మేడం తాళంచెవులు, లైసెన్సులు ఇచ్చేసింది. ఆ రెండు పెద్ద అంకెలు ఎట్లా వచ్చాయో పక్కన రాసి, తన సంతకం కూడా పెట్టుకుంది. యాదయ్య సారుకు ఆమే ఫోను చేసి చెప్పింది. సారు, "గాడిద కొడుకు, నా పానం తీసిండు. నడుపుమనండ్రి" అన్నాడు. తిట్టు నాకు ఆశీర్వాదంలా వినబడింది. పిల్లలు నలభై నిమిషాలు ఆలస్యంగా బడికి చేరారు. శానిటైజరు సీసాను యాదయ్య సారే స్వయంగా వచ్చి తాడు కోసి తీసుకుపోయాడు. నా పేరు కూడా మారింది. ఇప్పుడు షెడ్డులో నన్ను 'నూట ఎనభై ఆరు' అంటారు. నా ముందే అంటారు.

సాయంత్రం పిల్లల్ని దింపి బస్సు షెడ్డులో పెట్టాక, సంచి భుజాన వేసుకోబోయాను. అందులో స్టీలు గ్లాసు మోగింది. సంచి మళ్లీ సీటు మీదే పెట్టి దిగాను. ప్రేమ్‌సాగర్ బండి తీస్తున్నాడు.

"ఇంటికేనా?"

"ఇంటికే అన్నా."

"నేనొస్త."

అతను బండి ఆపి నా మొహం చూశాడు. "ఇయ్యాల ఏకాదశి గదానే?"

"నా క్యాలెండర్ నీకెందుకు? నడువు" అని వెనక కూర్చున్నాను.

స్వర్ణ తలుపు తీసి, నన్ను చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంది. ఎనిమిదేళ్ల కింద నేను నిలబడ్డ గుమ్మం అదే. ఈసారి దాటాను. దాటినందుకు ఏమీ కాలేదు. లోపల ప్లాస్టిక్ కుర్చీ మీద ఉతికిన బట్టలు కుప్పగా ఉంటే, ఆమె గబగబా తీసి నన్ను కూర్చోబెట్టింది. పొద్దుటి సంగతంతా ప్రేమ్‌సాగర్ ముందే ఫోనులో చెప్పినట్టున్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది.

"అన్నా, చాయ్ పెట్టాల్నా? ఉపాసమా?"

"ఉపాసమే చెల్లే. అప్పుడు గూడ ఉపాసమే. ఉపాసంల నేను చాయ్ తాగుత. నీకు అబద్ధం చెప్పిన" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి లోపలికి పోయింది. కాసేపటికి వాళ్లింటి స్టీలు గ్లాసులో పొగలు కక్కుతున్న చాయ్ తెచ్చింది. అంచు దాకా పోసింది. అంత నిండుగా పోస్తే ఎత్తి తాగడం కుదరదు. కావాలనే పోసిందేమో నాకు తెలియదు, అడగలేదు.

అంచును పెదవికి తగిలించాను. నోరు కాలింది.

"ఊదుకో అన్నా" అన్నాడు ప్రేమ్‌సాగర్, మేడం గొంతు పెట్టి. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా!"

ఊదాను. చాయ్ మీద మీగడ ఒక పక్కకు జరిగింది. తాగాను. చక్కెర ఎక్కువైంది. అడుగు దాకా తాగి, గ్లాసును స్వర్ణ ముందు నేల మీద బోర్లించాను. ఒక్క చుక్క పడలేదు.